పురుగుకూ మనిషికీ ఒకే గాలి: పట్టు పెంచే ఇంటిని పరీక్షించుకోవడం ఎలా?

(పట్టు రైతుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



కోవిల్‌పట్టి, విరుదునగర్ చుట్టుపక్కల పల్లెల్లో పట్టు పెంచే కుటుంబాలతో ఈరోజు ఒక ముఖ్య విషయం మాట్లాడదలిచాను. మల్బరి తోటకు ఎరువు ఎంత, నీరు ఎంత అని మనం ఎన్నోసార్లు చెప్పుకున్నాం. పురుగుల గదిలో వేడి ఎంత, తేమ ఎంత అని కూడా చెప్పుకున్నాం. కానీ ఆ గదిలో గాలి ఎలా ఉంది, ఆ గోడకు ఇవతల మనం పడుకునే గదిలో గాలి ఎలా ఉంది అన్నది చాలామంది పరీక్షించి చూడరు.

విడిగా షెడ్డు కట్టుకున్నవారి సంగతి కొంత నయం. ఇంట్లోనే ఒక గదిని పురుగులకు ఇచ్చి, పక్క గదిలో వండుకుని, నడవలో పిల్లలను పడుకోబెట్టే కుటుంబాలు ఇంకా ఉన్నాయి. అలాంటి ఇంట్లో పురుగుకు వేరే గాలి, మనిషికి వేరే గాలి ఉండదు. కుంపటి పొగ, ఫార్మలిన్ ఘాటు, తడి గోడ బూజు, దోమల చుట్ట పొగ, పడకలోంచి వచ్చే అమ్మోనియా అన్నీ ఒకే కప్పు కింద తిరుగుతాయి.

"పురుగులు బాగానే మేస్తున్నాయి సార్, గాలికేం లోటు?" అని కొందరు అడుగుతారు. ఈ మాట సగమే నిజం. మిగతా సగం తెలియకపోతే ప్రాణం మీదికి వస్తుంది. అందుకని మొదట అదే చెబుతాను.

పురుగు చెప్పేది, చెప్పలేనిది

బ్రిటన్ దేశపు బొగ్గు గనుల్లో కూలీలు చిన్న పిట్టలను పంజరంలో పెట్టుకుని లోపలికి దిగేవారు. జాన్ స్కాట్ హాల్డేన్ అనే శాస్త్రవేత్త చెప్పిన ఉపాయం అది. కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు గనిలో ఉంటే మనిషి కంటే ముందు పిట్ట సొమ్మసిల్లేది. అది చూసి కూలీలు బయటికి వచ్చేసేవారు. 1986లో యంత్రాలు వచ్చి ఆ పిట్టలకు సెలవిచ్చే వరకు ఈ పద్ధతి నడిచింది.

మన పట్టుపురుగు కూడా అలాంటి సాక్షే, కానీ అన్ని విషాలకూ కాదు. పక్క పొలంలో పత్తికో మిరపకో పురుగుమందు కొట్టినప్పుడు గాలికి కొట్టుకొచ్చే తుంపర మనకు తెలియకపోవచ్చు. పురుగుకు తెలుస్తుంది. తల ఎత్తి ఊపుతుంది, పచ్చని రసం కక్కుతుంది, మెలికలు తిరిగి చనిపోతుంది. దోమల కోసం కరెంటు ప్లగ్గులో పెట్టే మందు సీసా, దోమల చుట్ట, కొట్టే స్ప్రే, వీటన్నిటిలోనూ ఉండేది కీటకాలను చంపే మందే. పట్టుపురుగు కూడా కీటకమే. మనకు వాసన కూడా సరిగా తెలియని మోతాదులో పురుగు దెబ్బతింటుంది.

ఇక రెండో వైపు చూడండి. కార్బన్ మోనాక్సైడ్ మనిషిని చంపేది రక్తం ద్వారా. మన రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్ అనే పదార్థాన్ని ఈ వాయువు ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఇక శరీరానికి ప్రాణవాయువు అందదు. పట్టుపురుగు ఊపిరి తీసేది ఆ దారిలో కాదు. దాని ఒంటికి రెండు పక్కలా 9 చొప్పున చిన్న రంధ్రాలు ఉంటాయి. వాటినుంచి సన్నని గొట్టాల ద్వారా గాలి నేరుగా లోపలి కండరాలకు చేరుతుంది. ప్రాణవాయువును మోయడానికి దాని రక్తంలో హిమోగ్లోబిన్ అవసరం లేదు. కాబట్టి పక్కన మనిషి స్పృహ తప్పే మోతాదులో కూడా తట్టల్లో పురుగులు ఆకు మేస్తూనే ఉండవచ్చు.

ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి: పురుగు బాగుంటే పురుగుమందు లేదని కొంత ధైర్యం చెప్పుకోవచ్చు, కుంపటి విషం లేదని మాత్రం చెప్పుకోరాదు. అలాగే మనిషి బాగున్నంత మాత్రాన గాలి పురుగుకు మంచిదని అర్థం కాదు. ఇద్దరు సాక్షులనూ విడివిడిగా అడగాలి. ఇద్దరికీ తెలియని సంగతిని పరికరంతో తెలుసుకోవాలి.

ఎప్పుడు పరీక్షించాలి?

గాలి రోజంతా ఒకేలా ఉండదు. కిటికీలన్నీ తెరిచి పెట్టిన పగటిపూట చూస్తే ఏ లోపమూ కనిపించదు. కాబట్టి ఒక్కో పంటకు మూడుసార్లు చూడండి.

మొదటిసారి, చాకీ కట్టకముందు, గది ఖాళీగా ఉన్నప్పుడు. రెండోసారి, చల్లగా ఉండే రాత్రి తలుపులు, కిటికీలు మూసి, వేడి పెట్టిన తరువాత. మనకు ఐప్పసి, కార్తీక మాసాల్లో ఈశాన్య వానలు పడే రాత్రులు ఇందుకు సరైన సమయం. మూడోసారి, ఐదో దశలో. పురుగు తన జీవితంలో తినే ఆకులో సుమారు 80 శాతం ఈ దశలోనే తింటుంది. రెట్ట, మిగులు ఆకు, తేమ అన్నీ అప్పుడే ఎక్కువ.

బయటినుంచి వచ్చిన మొదటి నిమిషం చాలా విలువైనది. మన ముక్కు వాసనకు త్వరగా అలవాటు పడిపోతుంది. తెల్లవారి తోటకు వెళ్ళి తిరిగి వచ్చి, గది తలుపు తీసిన వెంటనే ఏ వాసన తగిలిందో గమనించి ఒక పుస్తకంలో రాయండి. కళ్ళు మండుతున్నాయా, గొంతు గరగరలాడుతోందా అన్నదీ రాయండి. ఇంట్లో ఎవరికైనా ఇంట్లో ఉన్నప్పుడు తలనొప్పి వచ్చి తోటలోకి పోగానే తగ్గుతుంటే, అది తప్పక రాయవలసిన విషయం. ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురికి తలనొప్పి, వాంతి వస్తే భోజనం మీద నెపం వేసి ఊరుకోకండి. కుంపటిని కూడా అనుమానించండి.

తనిఖీ చేసే విధానం

1. నిప్పు ఎక్కడెక్కడ ఉంది?

ఇల్లంతా తిరిగి నిప్పు రాజేసే చోట్లన్నీ లెక్క పెట్టండి. వంటపొయ్యి, నీళ్ళు కాచే పొయ్యి, చాకీ గదిలో కుంపటి, అగరుబత్తి, దోమల చుట్ట, బీడీ. ప్రతిదానికీ ఒకే ప్రశ్న వేయండి: దీని పొగ ఏ దారిన బయటికి పోతోంది?

మన ప్రాంతంలో సీమతుమ్మ బొగ్గు చౌకగా దొరుకుతుంది. విరుదునగర్, రామనాథపురం, తూత్తుకుడి జిల్లాల్లో సీమై కరువేలం కాల్చి బొగ్గు చేయడం ఒక పెద్ద వృత్తే. చలి రాత్రుల్లో చాకీ పురుగులకు 26 నుంచి 28 డిగ్రీల వేడి కావాలని ఆ బొగ్గుతోనే కుంపటి పెడతారు. పొగ పోయి బొగ్గు ఎర్రగా కణకణలాడుతోంది కదా, ఇక భయం లేదని గదిలోకి తెస్తారు. ఇది పెద్ద పొరపాటు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, కళ్ళు మండవు. పొగ లేని ఎర్రని బొగ్గునుంచి కూడా అది వస్తూనే ఉంటుంది. కుంపటి ఉన్న గదిలో మనుషులు పడుకోకూడదు. పక్క గదిలో పడుకున్నా మధ్య గోడ కప్పు దాకా ఉండాలి.

తమిళనాడు పల్లెల ఇళ్ళలో పొయ్యి పొగను కొలిచి చెన్నై శ్రీరామచంద్ర వైద్య కళాశాల పరిశోధకులు 2002లో ఫలితాలు ప్రచురించారు. వాడే వంటచెరకు, వంటగది ఉన్న తీరు, పొయ్యి దగ్గర గడిపే సమయం, వీటిని బట్టి మనిషి పీల్చే ధూళి మారుతుందని అందులో తేలింది. వంట చేసేవారే కాదు, దగ్గరలో ఉండే మిగతావారూ ఆ పొగ పీలుస్తున్నారు. గ్యాసు వచ్చిన తరువాత కూడా నీళ్ళు కాచడానికి కట్టెలు వాడే ఇళ్ళు ఉన్నాయి. ఆ పొయ్యి పురుగుల గది కిటికీ కిందనే ఉందా అని చూడండి.

దోమల చుట్ట సంగతి కూడా వినండి. ఒక్క చుట్ట కాలితే వచ్చే సన్నని ధూళి 75 నుంచి 137 సిగరెట్ల ధూళితో సమానమని 2003లో ప్రచురితమైన ఒక పరిశోధన తేల్చింది. పురుగుకు ఆ మందు ప్రాణాంతకం, పిల్లల ఊపిరికి ఆ పొగ చేటు. దోమతెర ఒక్కటే ఇద్దరికీ క్షేమం.

2. గాలి ఏ దారిన పోతోంది?

ఇది ఖాళీ గదిలోనే చేయండి. ఒక అగరుబత్తి వెలిగించి తలుపు సందు దగ్గర, కిటికీ దగ్గర, కప్పుకు దగ్గర ఉన్న వెంటిలేటరు దగ్గర పట్టుకోండి. పొగ బయటికి లాగుతోందా, లోపలికి తోస్తోందా, కదలక నిలిచిందా చూడండి. కింద గాలి లోపలికి వచ్చి, పైన వెంటిలేటరు గుండా బయటికి పోతే మంచిది. పురుగులు ఉన్నప్పుడు అగరుబత్తి వద్దు. సన్నని నూలుపోగు వేలాడదీసి చూస్తే చాలు. ఇంట్లో అగ్గిపెట్టెల పని, టపాకాయల పని సరుకు ఉంటే నిప్పుతో ఈ పరీక్ష చేయనే కూడదు.

ఊజి ఈగ కోసం కట్టిన నైలాన్ వలను చేతితో తడిమి చూడండి. 1980లో ఊజి ఈగ కర్ణాటకలోకి వచ్చినప్పటి నుంచి వల కట్టడం తప్పనిసరి అయింది. కానీ మన నల్లరేగడి ధూళి వల కళ్ళలో పేరుకుంటుంది. కిటికీ తెరిచే ఉంటుంది, గాలి మాత్రం రాదు. పంటకూ పంటకూ మధ్య వలను విప్పి ఉతికి ఆరబెట్టి కట్టండి.

రాత్రి పురుగుల గదిలో దీపం వేసి, పడకగదిలో చీకటి చేసి నిలబడండి. గోడ పైనుంచి, తలుపు సందుల్లోంచి వెలుతురు కనిపిస్తే ఆ దారినే గాలి కూడా వస్తుంది. పెంకుటిళ్ళలో మధ్య గోడ కప్పును తాకకుండా ఆపేయడం మామూలు. అక్కడ ఫార్మలిన్ కొట్టినా, కుంపటి పెట్టినా ఆ గాలి పడుకున్నవారి మీదికి దిగుతుంది.

గాలి లాగే ఫ్యాను పెట్టుకున్నవారు మరొకటి చూడాలి. తలుపులన్నీ మూసి ఫ్యాను వేస్తే అది ఎక్కడో ఒకచోటి నుంచి గాలి లాక్కోవాలి. వంటింటి పొగగొట్టం నుంచే వెనక్కు లాగవచ్చు. ఫ్యాను వేసి పొయ్యి దగ్గర పొగ ఎటు వంగుతోందో చూడండి.

3. తడి ఎక్కడ ఉంది?

చాకీ పురుగులకు 85 నుంచి 90 శాతం తేమ కావాలి. పెద్ద పురుగులకు 65 నుంచి 70 శాతం చాలు. చాలామంది చాకీకి అలవాటైన తేమనే ఐదో దశలోనూ ఉంచుతారు. తడి బల్బు, పొడి బల్బు థర్మామీటరు చూసి నడుచుకోండి.

గోడ తడిగా ఉందని అనుమానం వస్తే ఒక అడుగు చదరం పాలిథిన్ కాగితాన్ని గోడకు నాలుగు వైపులా టేపుతో అంటించి రెండు రోజులు ఉంచండి. కాగితం వెనుక నీటి చుక్కలు ఉంటే తడి గోడలోంచి వస్తోంది. కప్పు, పునాది, నీటి గొట్టం చూడాలి. కాగితం ముందు వైపు చుక్కలు ఉంటే గదిలో గాలే తడిగా ఉంది, వెంటిలేషన్ పెంచాలి. రోగం ఎక్కడుందో తెలియకుండా సున్నం కొడితే బూజు పది రోజుల్లో మళ్ళీ వస్తుంది.

బూజును చిన్న విషయం అనుకోకండి. ఒక జంతువు రోగానికి కంటికి కనిపించని జీవి కారణమని మొదట రుజువైంది పట్టుపురుగులోనే. 1835లో ఇటలీకి చెందిన అగస్తీనో బస్సీ మస్కార్డిన్ అనే సున్నపుకట్టు రోగానికి బూజే కారణమని నిరూపించాడు. తడి వెదురు తట్టల మీద పెరిగే ఆస్పర్‌జిల్లస్ బూజు చాకీ పురుగును చంపుతుంది. ఉబ్బసం ఉన్నవారికి, ఊపిరితిత్తులు బలహీనంగా ఉన్నవారికి కూడా కీడు చేస్తుంది. బూజును పొడిగా ఊడ్చకండి. తడిగుడ్డతో తుడిచి, తట్టలను ఎండలో ఆరబెట్టండి.

4. మందులు ఎక్కడ ఉన్నాయి?

ఫార్మలిన్‌లో ఉండే ఫార్మాల్డిహైడ్ మనిషికి క్యాన్సర్ కలిగించే పదార్థమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో నిర్ణయించింది. ముఖానికి తువ్వాలు చుట్టుకుంటే ధూళి కొంత ఆగుతుంది కానీ వాయువు ఆగదు. మనుషులు నివసించే ఇంట్లోని గదికి 0.3 శాతం సున్నపు తేటలో కలిపిన 2 శాతం బ్లీచింగ్ పౌడరు ద్రావణం వంటివి వాడడం మేలు. అదీ పిల్లలు, వృద్ధులు ఇంట్లో లేనప్పుడు కొట్టండి. తలుపులు తెరిచి ఘాటు పూర్తిగా పోయిన తరువాతనే లోపలికి రండి.

బ్లీచింగ్ పౌడరును యాసిడ్‌తో, మరుగుదొడ్డి కడిగే ద్రవంతో ఎన్నడూ కలపకండి. క్లోరిన్ వాయువు పుట్టి ఊపిరి ఆపేస్తుంది. క్లోరిన్ డయాక్సైడ్ మందుతో ఇచ్చే యాక్టివేటరు పొట్లాన్ని కూడా బ్లీచింగ్ డబ్బా పక్కన పెట్టకండి. ఈ డబ్బాలు ఏవీ పడకగదిలో మంచం కింద ఉండరాదు.

కోవిల్‌పట్టి, సాత్తూరు, శివకాశి వైపు పల్లెల్లో అగ్గిపెట్టెల పనికో టపాకాయల పనికో వెళ్ళేవారు చాలా ఇళ్ళలో ఉంటారు. పని బట్టలకు అంటిన రసాయనాల పొడి ఇంట్లోకి వస్తుంది. బట్టలు బయటే మార్చుకుని, చేతులు, కాళ్ళు, ముఖం కడుక్కుని లోపలికి రావాలి. ఆ బట్టలతో పురుగుల గదిలోకి రాకూడదు, పిల్లలను ఎత్తుకోకూడదు, వాటిని ఇంటిబట్టలతో కలిపి ఉతకకూడదు.

5. పడక ఎలా ఉంది?

తట్ట దగ్గర వంగి వాసన చూడండి. ముక్కుకు ఘాటు తగిలితే అమ్మోనియా లేచినట్టే. రెట్ట, తడి ఆకు కలిసి కుళ్ళితే అది వస్తుంది. పడక మార్చడం ఆలస్యమైందని అర్థం. తీసిన చెత్తను గది గుమ్మం ముందే కుప్ప వేయకుండా దూరంగా ఎరువు గుంటలో వేయండి. ఎండిన చెత్తను దులిపేటప్పుడు, సున్నపు పొడి చల్లేటప్పుడు ముక్కుకు మంచి మాస్కు పెట్టుకోండి.

6. కప్పు ఎలా ఉంది?

సిమెంటు రేకుల కప్పు ఉన్నవారు పగిలిన అంచులను చూడండి. పాత రేకుల్లో ఆస్‌బెస్టాస్ నార ఉంటుంది. రేకు గట్టిగా ఉన్నంత కాలం కదిలించకండి. కోయడం, రంధ్రాలు వేయడం, గీకడం, పొడిగా ఊడ్చడం వల్ల ఆ నార గాలిలో కలుస్తుంది. తప్పనిసరైతే బాగా తడిపి చేయండి.

పరికరం కొంటే ఏది కొనాలి?

అంగళ్ళలో గాలి కొలిచే చిన్న పెట్టెలు చాలా వస్తున్నాయి. పెట్టె మీద ఏమి రాసి ఉందో చదివి కొనండి. పీఎం 2.5 అని ఉంటే అది సన్నని ధూళిని మాత్రమే కొలుస్తుంది. మూసిన గదిలో కార్బన్ డయాక్సైడ్ కొలిచే పెట్టె, గాలి మారుతున్నదా లేదా అన్నది చెబుతుంది. బయటి గాలిలో అది సుమారు 420 పీపీఎం ఉంటుంది. గదిలో 1000 దాటితే గాలి నిలిచిపోయిందని అర్థం. ఈ రెండూ కుంపటి విషాన్ని చెప్పలేవు. కార్బన్ మోనాక్సైడ్ అలారం అని స్పష్టంగా రాసి ఉన్నదే అందుకు పనికివస్తుంది. పేర్లు దగ్గరగా ఉన్నాయని మోసపోకండి.

ఒక్కటే కొనగలిగితే ఈ అలారం కొనండి. పడకగదిలో, మనం పడుకునే తల ఎత్తుకు దగ్గరగా పెట్టండి. సెన్సార్ గడువు పెట్టె మీద ఉంటుంది, చూసుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో చెప్పిన ప్రకారం ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ ఒక గంట సగటు సుమారు 30 పీపీఎం, 8 గంటల సగటు సుమారు 9 పీపీఎం దాటరాదు. కొన్ని అలారాలు ఇంత తక్కువ మోతాదుకు మోగవు. కాబట్టి అంకె కనిపించే రకం తీసుకుని, వేడి పెట్టిన రాత్రి గంటకోసారి అంకెను రాయండి.

లోపం కనిపిస్తే ఏం చేయాలి?

వరుస తప్పకుండా చేయండి. మొదట విషం పుట్టే చోటు తీసేయాలి. అది కుదరకపోతే దాన్ని ఇంటి బయటికి మార్చాలి. అదీ కుదరకపోతే గాలి దారి పెంచాలి. వాసన కప్పడానికి సాంబ్రాణి వేయడం మందు కాదు, పొగకు మరో పొగ కలపడమే.

కుంపటికి బదులు థర్మోస్టాట్ ఉన్న కరెంటు హీటరు వాడండి. కరెంటు నమ్మకం లేనిచోట పొయ్యిని గది బయట పెట్టి, వేడిని మాత్రం గొట్టం గుండా లోపలికి పంపి, పొగను కప్పు పైకి వదిలే ఏర్పాటు చేసుకోవచ్చు. అంతకంటే తేలిక దారి ఇంకొకటి ఉంది. చాకీ కేంద్రం నుంచి రెండో జ్వరం దాటిన పురుగులను తెచ్చుకుంటే, ఎక్కువ వేడి కావలసిన రోజులు మీ ఇంట్లో ఉండనే ఉండవు. వాన రోజుల్లో పురుగులు జ్వరంలో ఉన్నప్పుడు పడక ఆరడానికి కుంపటి పెట్టకండి, సున్నపు పొడి పలుచగా చల్లండి.

ప్రమాదం జరిగితే

మూసిన గదిలో ఎవరైనా స్పృహ లేకుండా కనిపిస్తే పరుగున లోపలికి వెళ్ళి కూర్చోకండి. కాపాడబోయినవారు కూడా పడిపోతారు. బయటినుంచి తలుపు, కిటికీలు బార్లా తెరిచి, ఊపిరి బిగబట్టి, మనిషిని బయటి గాలిలోకి లాగండి. 108కి ఫోను చేయండి. మూసిన గదిలో బొగ్గు కుంపటి ఉండిందని ఆస్పత్రిలో తప్పక చెప్పండి. ఆ మాట చెబితేనే వైద్యులు సరైన చికిత్స త్వరగా మొదలుపెడతారు. పురుగుల సంగతి తరువాత చూసుకోవచ్చు. ఒక పంట పోతే మళ్ళీ 100 లేయింగులు తెచ్చుకుని ఇంకో పంట పెట్టుకుంటాం.

గుర్తుంచుకోవలసినవి

• చాకీకి ముందు, మూసిన చలిరాత్రి, ఐదో దశలో: ఈ మూడుసార్లు గాలి పరీక్షించండి.
• పురుగు మేస్తోందని కుంపటి గదిలో పడుకోకండి.
• మనకు వాసన రాలేదని పురుగుల దగ్గర దోమల మందు వాడకండి.
• మధ్య గోడను కప్పు దాకా లేపండి, వలను ఉతకండి.
• తడి ఎటునుంచి వస్తోందో తెలుసుకుని తరువాతే సున్నం కొట్టండి.
• బ్లీచింగ్, యాసిడ్ ఒకచోట ఉంచకండి.
• ధూళి పెట్టె వేరు, కార్బన్ మోనాక్సైడ్ అలారం వేరు.

ఇందులో చాలా పరీక్షలకు కావలసింది ఒక అగరుబత్తి, ఒక దీపం, ఒక ముక్క పాలిథిన్ కాగితం, ఒక నోటుపుస్తకం. ఖర్చు తక్కువ, ఒక్క సాయంత్రం పని. వచ్చే చాకీకి ముందే ఇంటిల్లిపాదీ కలిసి చేయండి. మీరు రాసుకున్న పుస్తకాన్ని మీ ఊరికి వచ్చే పట్టు పరిశ్రమ శాఖ సిబ్బందికి చూపించి సలహా అడగండి.